జాకెట్ల మిషన్ మీది నుంచి సోఫాల పనికి: నా అనుభవం

నల్లగొండలో మా ఇంటి ముందు గదిలో చాలా ఏళ్లు జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుట్టాను. మాఘమాసంలో అన్నం తినడానికి కూడా తీరిక దొరికేది కాదు. ఆషాఢం వచ్చిందంటే మిషన్ మీద గుడ్డ కప్పి ఉండేది. బజారులోకి రెడీమేడ్ జాకెట్లు వచ్చాక పెళ్లిళ్ల కాలంలోనూ పని పలచబడింది. మా మేనమామకు దేవరకొండ రోడ్డులో కుషన్ వర్క్స్ దుకాణం ఉంది. అక్కడ కుట్టు పని చేసే అబ్బాయి హైదరాబాద్‌కు వెళ్లిపోయినప్పుడు మామ మా ఇంటికి వచ్చి, "మిషన్ తొక్కుడు నీకు కొత్తనా బిడ్డా, వచ్చి కూసో" అన్నాడు. కుట్టు తెలిసిన మనిషికి ఈ పని నాలుగు రోజుల్లో పట్టుబడుతుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. కుట్టు మటుకు అలాగే పట్టుబడింది. కొలత తీయడం, గుడ్డను పట్టుకోవడం మాత్రం ఇక్కడ పూర్తిగా తలకిందులని దుకాణంలో కూర్చున్నాకే తెలిసింది. ఒక సోఫా విప్పిన దగ్గర నుంచి తిరిగి ఇల్లు చేరే వరకు జరిగే పని తెలిస్తే నేర్చుకునే వారికే కాక, ఇంట్లో సోఫా బాగు చేయించుకునే వారికి కూడా ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

బోర్డు మీద సోఫా బొమ్మ ఉన్నా, దుకాణానికి రోజూ అన్నం పెట్టేది సోఫాలు కావు. ఆటో సీట్లు, ట్రాక్టర్ సీట్లు, మోటారు సైకిల్ సీటు కవర్లు, ఫంక్షన్ హాలు కుర్చీలు, ఆసుపత్రులలో రోగిని పడుకోబెట్టే బల్లల పరుపులు నిత్యం వస్తుంటాయి. ఆటో అతను పొద్దున్నే సీటు విప్పి ఇస్తే సాయంత్రానికల్లా బిగించి ఇవ్వాలి. బండి నిలబడితే ఆ రోజు కిరాయి పోయినట్టే. సోఫాలు మాత్రం దసరాకు ముందు, పెళ్లిళ్లకు ముందు, పత్తి అమ్మిన డబ్బు చేతికి వచ్చే చలికాలంలో ఒక్కసారిగా వచ్చి పడతాయి. అందుకే మామ నన్ను ముందుగా ఆటో సీట్ల మీద కూర్చోబెట్టాడు. అన్నీ నిటారు కుట్లే, పైగా రెక్సిన్ స్వభావం తెలుసుకోవడానికి అంతకంటే మంచి పని లేదు.

నూలు గుడ్డలో సూది పోగుల మధ్య నుంచి దూరి వెళుతుంది కాబట్టి, కుట్టు విప్పి నీళ్లు చల్లి ఇస్త్రీ చేస్తే రంధ్రాలు కనబడవు. రెక్సిన్‌కు పడిన రంధ్రం ఎప్పటికీ పడినట్టే ఉంటుంది. అంటే ఇక్కడ విప్పి మళ్లీ కుట్టుకోవచ్చులే అన్న ధీమా చెల్లదు. జాకెట్టుకు అంగుళానికి పది పన్నెండు కుట్లు పడితే పని నాణ్యంగా ఉందంటారు. రెక్సిన్‌కు అన్ని కుట్లు వేస్తే మనిషి కూర్చోగానే ఆ వరుస వెంబడే చీలిపోతుంది. ఆరు కుట్లు చాలు. సూది 18వ నంబరుది, దారం మందపాటి నైలాన్‌ది లేదా పాలిస్టర్‌ది వాడాలి. నూలు దారం చెమటకు, ఎండకు కుళ్లి ముందుగా అదే తెగుతుంది. మిషన్ ఫుట్ రెక్సిన్‌కు అంటుకొని ముందుకు జరగనప్పుడు, కుట్టు పడే దారిలో వేలితో కొంచెం నూనె రాస్తాము, కుట్టాక తుడిచేస్తాము. చలికాలం పొద్దున రెక్సిన్ బిర్రుగా ఉంటుంది కనుక కాసేపు ఎండలో పరిచి తెచ్చి బిగిస్తే మూలల దగ్గర మాట వింటుంది. మే నెల నల్లగొండలో ఆ అవసరం రాదు; దుకాణంలో చుట్టి పెట్టిన తానే చేతికి వేడిగా తగులుతుంది.

రెక్సిన్‌లో రెండు రకాలున్నాయి. పీయూ అనేది చేతికి అసలు తోలులా మెత్తగా తగులుతుంది కాబట్టి అందరూ దాన్నే ఇష్టపడతారు, కాని గాలిలో తేమకు, చెమటకు కొన్నేళ్లలో పై పొర పొట్టు పొట్టుగా రాలుతుంది. పీవీసీ కొంత మొరటుగా ఉంటుంది. దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన పదార్థం క్రమంగా బయటికి పోయి చివరకు అది పగులుతుంది, అయితే దానికి చాలా కాలం పడుతుంది. ఆటోకు పీవీసీ తప్ప ఇంకొకటి వేయము. ఇంటికి పీయూ అడిగిన వారికి పొట్టు సంగతి ముందే చెబుతాము. ఇంత చెప్పినా సగం మంది పీయూనే తీసుకుంటారు, అది వారి ఇష్టం.

ఇక కొలత సంగతి. జాకెట్టు కుట్టేటప్పుడు మనిషి కొలత మీద కొంత వదులు కలుపుతాము, ఎందుకంటే ఆమె ఊపిరి పీల్చుకోవాలి, చేయి పైకెత్తాలి. సోఫాలో వదులు పెడితే అది ముడతగా తేలుతుంది. సీటు కవరు కుట్టిన తర్వాత 22 అంగుళాలు ఉండాలంటే, లోపల పెట్టే స్పంజిని 22 కాదు, ఇరవై రెండున్నర కోస్తారు. స్పంజిని నొక్కి కవరులోకి దూర్చాలి, అది లోపల నుంచి గుడ్డను బయటికి తన్నుతూ ఉండాలి. ఏడాది కూర్చున్నాక స్పంజి కొంచెం కుంగుతుంది, గుడ్డ కొంచెం సాగుతుంది. మనం ముందు పెట్టిన ఆ అర అంగుళమే ఆ లోటును పూడుస్తుంది. చేయి అలవాటు కొద్దీ గుడ్డకు వదులు కలపబోతుంటే, దుకాణంలో అందరికంటే పాత మేస్త్రీ, మేమంతా చాచా అని పిలిచే పెద్దాయన, కత్తెర మీద చేయి పెట్టి ఆపేవాడు. "ఇది మనిషి గాదు బేటీ, దీనికి దమ్ము ఆడే పని లేదు" అనేవాడు.

నేను మొదటి నుంచి చివరి వరకు ఉండి చేసిన పెద్ద పని రామగిరిలోని ఒక రిటైర్డు టీచరమ్మ ఇంటి సోఫా. మూడు సీట్లది ఒకటి, ఒంటి సీట్లవి రెండు, అంతా టేకు. కొలతలకు మామ నన్ను వెంట తీసుకుపోయాడు. పైగుడ్డ చిరిగి దారాలు వేలాడుతున్నా ఆయన దాని వైపే చూడలేదు. ముందు సీటు అంచు మీద కూర్చున్నాడు, మోకాలితో సీటు మధ్యలో నొక్కాడు, హ్యాండిల్ పట్టుకొని అటూ ఇటూ ఊపాడు, తర్వాత సోఫాను బోర్లించి అడుగు గుడ్డ చిరుగులో నుంచి టార్చి లైటు వేసి చూశాడు. చివరగా మూడు సీట్ల సోఫా ముందు కాలు ఒకదాన్ని జానెడు ఎత్తాడు. రెండో ముందు కాలు కూడా నేల విడిచి లేచింది. అది లేవకుండా నేలనే ఉండి ఫ్రేము మెలికపడితే అతుకులు వదిలాయన్నమాట. కొత్త సోఫా కొనడానికి షోరూముకు వెళ్లిన వారు కూడా ఈ పరీక్ష చేయవచ్చు, అమ్మేవారు అంతగా సంతోషించకపోవచ్చు గాని.

"రోజూ ఎవరు కూసుంటరు టీచరమ్మా?" అని మామ అడిగాడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు, లేవాలంటే హ్యాండిల్ పట్టుకోవాలి. అలాంటి వారికి మెత్తటి సీటు సుఖం కాదు. మనిషి కూర్చున్నాక సీటు నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తున నిలబడాలి, లోతుకు కుంగితే మోకాళ్లు పైకి వచ్చి లేవడం కష్టమవుతుంది. ఎండ ఏ వైపు నుంచి పడుతుంది, ఇంట్లో చిన్న పిల్లలున్నారా, పిల్లి ఉందా అని కూడా అడిగాడు. అవన్నీ పలకరింపుల కోసమనే నేను అనుకున్నాను, కాని ఆ జవాబులను బట్టే స్పంజి, గుడ్డ నిర్ణయమయ్యాయి.

ఇలాంటి టేకు ఫ్రేము ఉన్న పాత సోఫాను బాగు చేయించడం ఎప్పుడూ దండగ కాదన్నది నా అభిప్రాయం. మెత్తటి అడవి కర్ర, పలచటి ప్లైవుడ్ కలిపి పిన్నులతో నిలబెట్టిన సోఫా వస్తే, ఈ ఖర్చుకు కొంచెం కలిపి గట్టిది కొనుక్కొమ్మని మామ నిర్మొహమాటంగా చెబుతాడు. అలా పోయిన బేరాలు తక్కువేమీ కాదు.

సోఫా బిగించేటప్పుడు ముందు సీటు, తర్వాత హ్యాండిళ్ల లోపలి వైపు, బ్యాక్ లోపలి వైపు, ఆపైన హ్యాండిళ్ల బయటి వైపు, బ్యాక్ బయటి వైపు, అన్నిటికంటే చివర అడుగు గుడ్డ వస్తాయి. విప్పేటప్పుడు సరిగ్గా దీనికి ఎదురు వరుసలో పోవాలి. విప్పిన ప్రతి ముక్క మీద అది ఎక్కడిదో, ఎడమదా కుడిదా, పై వైపు ఏదో సుద్దముక్కతో రాసుకుంటాము. మూలల మడతలు ఎటు తిరిగాయో విప్పకముందే ఫోనుతో ఫొటో తీసుకోవడం నేను మొదలుపెట్టాను. చాచాకు ఆ అవసరం లేదు, ఆయనకు చేతుల్లోనే ఉంది. పాత ముక్కను ఆకారం కోసం వాడుకోవాలే గాని కొలత కోసం నమ్మకూడదు, ఎందుకంటే ఏళ్ల తరబడి సాగిన గుడ్డ అది. విప్పేవారు ముక్కుకు తువ్వాలు కట్టుకోవాలి. మా పని మొత్తంలో ఒంటికి చెరుపు చేసే భాగం ఇదే: పాత దుమ్ము, ఎలుకలు పీకి గూడు పెట్టుకున్న దూది, తుప్పు పట్టిన మేకులు. సీటు సందుల్లో చిల్లర, పక్క పిన్నులు, పిల్లల పెన్సిళ్లు, గ్యాసు రసీదులు, ఎప్పుడో పోయిందనుకున్న చెవి కమ్మ శీల వంటివి దొరుకుతాయి. దొరికినదేదైనా ఒక కవరులో వేసి సోఫాతో పాటు తిరిగి ఇవ్వడం దుకాణం రివాజు.

టీచరమ్మ సోఫా లోపల అడుగున నవారు, దాని మీద ఉండ స్ప్రింగులు (చుట్టలు చుట్టలుగా నిలువుగా నిలబడేవి), గోనె పట్టా, కొబ్బరి పీచు, దూది వరుసగా ఉన్నాయి. అన్నిటి పైన ఒక పలచటి స్పంజి ముక్క ఉంది. చాచా ఫ్రేము అంచున వేలు పోనిచ్చి, మేకు రంధ్రాలు రెండు వరుసలున్నాయి చూడమన్నాడు. ఇదివరకు ఒకసారి విప్పారు, అప్పుడు నవారు తీసి కొత్తది వేయకుండా సాగిన దాని మీదే ఇంకొక పొర కొట్టి, కుంగిన సీటును లేపడానికి స్పంజి పెట్టారు. లోపలి పని కనబడదు కాబట్టి ఇలా తేల్చేసేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఫ్రేము పని వడ్రంగిది. అక్కడక్కడ కొంచెం వదులైన అతుకులను విడదీసి పాత జిగురు గీకి ఫెవికాల్ పెట్టి బిగించాడు, సీటు కింద నాలుగు మూలల్లో ముక్కోణం చెక్కలు స్క్రూలతో వేశాడు, చెద మందు పూశాడు. పాత మేకు రంధ్రాల్లో వెదురు పుల్లలు జిగురుతో కొట్టి సమం చేయడం నా వంతు. ఆ రంధ్రాలు అలాగే ఉంటే కొత్త మేకు పట్టు దొరకక రెండో నెలలోనే లేచి వస్తుంది.

స్ప్రింగుల పని మొత్తం చాచాదే. నవారు ఒక చివరను మడిచి ఫ్రేముకు మేకులు కొట్టి, రెండో చివరను ఒక చెక్కముక్కకు చుట్టి, ఆ చెక్కను ఫ్రేము అంచుకు ఆనించి కిందికి వంచుతాడు. వేలితో మీటితే మోగేంత బిగువు రావాలి. నిలువు పట్టీల గుండా అడ్డ పట్టీలను నవారు మంచం అల్లినట్టే కింద ఒకటి మీద ఒకటిగా అల్లుతాడు. పట్టీలు కలిసిన ప్రతి చోటా ఒక స్ప్రింగు నిలబెట్టి అడుగున పెద్ద సూదితో కుడతాడు. తర్వాత స్ప్రింగుల తలలను గట్టి పురికొసతో కట్టడం మొదలవుతుంది: ముందు నుంచి వెనక్కి, ఎడమ నుంచి కుడికి, ఆపైన రెండు ఐమూలలకు. అంటే ఒక్కో స్ప్రింగు తలను ఎనిమిది దిక్కుల నుంచి కొసలు పట్టి ఉంచుతాయి. కట్టేటప్పుడు స్ప్రింగును అంగుళానికి పైగా కిందికి నొక్కి ఉంచాలి. ప్రతి తల దగ్గర ముడి బిగించుకుంటూ పోతాడు కాబట్టి ఎక్కడైనా కొస తెగినా ఆ ఒక్క గడి వదులవుతుంది, వరుస మొత్తం కూలిపోదు.

ఈ పనిలో చాచా నోటి నిండా చిన్న మేకులు పోసుకుంటాడు. నాలుకతో ఒక్కొక్క మేకును తిప్పి తల ముందుకు వచ్చేలా పెదవుల మధ్యకు తెస్తాడు, అయస్కాంతం ఉన్న సన్న సుత్తి మూతిని అక్కడికి ఆనిస్తే మేకు దానికి అతుక్కుంటుంది, ఒక దెబ్బకు చెక్కలో నిలబడుతుంది, రెండో దెబ్బకు దిగిపోతుంది. ఎడమ చేయి ఒక్కసారి కూడా నవారును వదలదు. మాటలాడించబోతే చేయి ఊపి పొమ్మంటాడే గాని నోరు తెరవడు. ఇది చూసి నేర్చుకోవలసిన విద్య కాదని మాత్రం చెప్పాలి. కొత్తవారికి మామ మేకుల డబ్బాను నడుముకు కట్టిస్తాడు. దుకాణంలో కంప్రెసర్, పిన్నుల గన్ను ఉన్నాయి, గుడ్డ బిగించడానికి చాచా కూడా గన్నే వాడతాడు. కాని మనిషి బరువంతా మోసే నవారుకు, పురికొసకు పిన్ను పట్టు చాలదని అక్కడ మేకే కొడతాడు.

ఒంటి సీట్లకు ఖర్చు తగ్గించడానికి స్ప్రింగులు తీసి ఎలాస్టిక్ బెల్టు అల్లాము. ఇప్పటి కొత్త సోఫాలలో ఎక్కువగా ఈ బెల్టులు గాని, పాములా వంకర తిరిగిన జిగ్‌జాగ్ స్ప్రింగులు గాని ఉంటాయి. బాగానే ఉంటాయి. ఉండ స్ప్రింగులకు కూలి ఎక్కువ, కట్టే చేతులు తక్కువ.

స్ప్రింగుల మీద నేరుగా స్పంజి పెడితే తీగ దాన్ని కొరికేస్తుంది కాబట్టి, ముందు గోనె పట్టా పరిచి స్ప్రింగులకు కుట్టి, దాని మీద రబ్బరు కలిపిన కొబ్బరి పీచు పలక వేశాము. ఆపైన స్పంజి. కొనేవారు ఎక్కువగా నష్టపోయేది ఈ స్పంజి దగ్గరే కనుక కొంచెం వివరంగా చెబుతాను. 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటే గట్టిదనం అనుకుంటారు. కాదు, అది బరువు. ఒక ఘనపు మీటరు స్పంజి 32 కిలోలు తూగితే అది 32 డెన్సిటీ. ఒకే డెన్సిటీలో మెత్తటిదీ గట్టిదీ రెండూ దొరుకుతాయి. డెన్సిటీ ఎక్కువైతే స్పంజి తొందరగా చచ్చుబడదు. దీన్ని పరీక్షించడానికి ఇంట్లో కాటా చాలు: 22 అంగుళాల పొడవు, 22 వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న ముక్క 32 డెన్సిటీ అయితే కిలో తూగాలి, 40 అయితే కిలోంబావు దాటాలి. ఈ సోఫాకు 40 డెన్సిటీ అని చెప్పి ఒక దుకాణం వారు పంపిన ముక్కలు కిలో దగ్గరే ఆగిపోయాయి. మామ ఫోను చేసి గొడవ పెట్టుకోలేదు, ముక్కలను వచ్చిన ఆటోలోనే తిప్పి పంపి వేరే చోట తెప్పించాడు. బరువు సరిపోయినా ఒక్కోసారి మోసం ఉంటుంది, తయారు చేసేటప్పుడే సున్నపురాయి పొడి కలిపి తూకం పెంచుతారు. అలాంటి స్పంజిని పిడికిట్లో నలిపి వదిలితే మందకొడిగా లేస్తుంది, త్వరగా పొడిపొడిగా రాలుతుంది. సీటుకు 40, బ్యాక్‌కు 28 లేదా 32 పెట్టడం మా పద్ధతి. బ్యాక్ మీద పడే బరువు తక్కువ, అక్కడ 40 పెట్టడం డబ్బు పారేయడమే. స్పంజి తునకలను జిగురుతో అచ్చు పోసిన గట్టి రీబాండెడ్ పలకను టీచరమ్మ సీటుకు అడుగు పొరగా వేశాము, ఆమె మోకాళ్ల కోసం.

పొరలు అతికించే సొల్యూషన్‌ను రెండు వైపులా పూసి, వేలికి తీగ సాగనంత వరకు ఆరనిచ్చి, అప్పుడు ఒకదాని మీద ఒకటి పెట్టాలి. తడి మీద అతికిస్తే పట్టదు, ఆరాక వంకరగా పెడితే ఊడదు. సొల్యూషన్ వాసన తల తిప్పుతుంది, పైగా దాని ఆవిరి నిప్పు రవ్వకు అంటుకుంటుంది. స్పంజి అంటుకుంటే వచ్చే పొగ విషం. అందుకే దుకాణంలో బీడీ వెలిగించనివ్వరు, పొద్దున దేవుడి పటానికి అగరుబత్తి కూడా బయట అరుగు మీదే వెలిగిస్తాము.

గుడ్డ దగ్గర టీచరమ్మకూ మాకూ కొంత చర్చ జరిగింది. ఆమె చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం నుంచి నూలు ఇక్కత్ తెచ్చి పెట్టుకున్నారు, సోఫా అంతా దానితోనే కావాలన్నారు. గుడ్డ చాలా అందంగా ఉంది. కాని చేనేత నూలు గుడ్డను సీటుకు బిర్రుగా లాగి బిగిస్తే, రోజూ కూర్చుని లేచే బరువుకు కుట్టు పక్కన పోగులు జరిగి సందులు పడతాయి. కిటికీ ఎండకు రంగు కూడా వెలుస్తుంది. పైగా ఇక్కత్‌లో పువ్వు పక్కన పువ్వు కలవాలంటే కత్తిరింపులో గుడ్డ చాలా వృథా అవుతుంది. ఇవన్నీ మామ చెబితే ఆమె మొదట నొచ్చుకున్నారు. చివరకు సీట్లకు, బ్యాక్‌కు గట్టి పాలిస్టర్ సోఫా గుడ్డ తీసుకొని, ఇక్కత్‌తో విడిగా ఉండే దిండ్లు కుట్టాలని నేను చెప్పిన మాటకు ఒప్పుకున్నారు. ఇక్కత్‌ను ముందు నీళ్లలో నానబెట్టి ఆరేశాను, లేకపోతే మొదటి ఉతుకుకే కవరు కుంచించుకుపోతుంది. లోపలి వైపు పలచటి కాన్వాసు వేసి, జిప్ పెట్టి, ఉతుక్కోవడానికి వీలుగా కుట్టాను. దిండ్లకు మాత్రం నా పాత జాకెట్ల విద్యే పనికొచ్చింది. అద్దం పట్టి చూసినా పువ్వు తప్పలేదు.

సోఫా గుడ్డ తాను సాధారణంగా 54 అంగుళాల పన్నా, అంటే వెడల్పు. నమూనా పుస్తకంలో కొన్ని గుడ్డల వెనక మార్టిండేల్ అని ఒక అంకె ఉంటుంది. గుడ్డ ఎన్ని రాపిళ్లకు ఓర్చుకుంటుందో చెప్పే పరీక్ష అది. రోజూ కూర్చునే సోఫాకు 20,000 దాటిన గుడ్డ తీసుకొమ్మంటాము. కత్తిరించకముందు ముక్కలన్నిటినీ చిన్న స్కేలుతో గళ్ల కాగితం మీద గీసి సర్దుకుంటే ఎన్ని మీటర్లు కావాలో తేలుతుంది, గుడ్డ మిగలదు, చాలకుండా పోదు. వెల్వెట్ అయితే నూగు అన్ని ముక్కలకూ ఒకే దిక్కుకు, బ్యాక్ మీద కిందికి, సీటు మీద ముందుకు ఉండాలి. ఒక్క ముక్క తిరగబడినా అది వేరే రంగు గుడ్డలా కనబడుతుంది. కుట్టుకు అర అంగుళం వదిలి, ప్రతి ముక్క అంచు మధ్యలో చిన్న గాటు పెడతాము. కుట్టు అంచు వెంబడి ఉబ్బెత్తుగా కనబడే పైపింగ్ పట్టీలను మాత్రం ఐమూలగా కోయాలి, నిటారుగా కోస్తే మూల తిరిగే చోట ముడత పడుతుంది.

బిగించేటప్పుడు ఆ గాట్ల విలువ తెలుస్తుంది. ఫ్రేము మధ్యలో సుద్దతో గీసిన గుర్తుకు గుడ్డ మధ్య గాటును కలిపి, ముందు ఒక పిన్ను, వెనక ఒక పిన్ను, రెండు పక్కలా ఒక్కొక్కటి వేస్తాము. ఆ తర్వాత మధ్య నుంచి మూలల వైపు అరచేత్తో గుడ్డను దువ్వుతూ పిన్నులు వేసుకుంటూ పోవాలి, మూలలు చివరకు. ఒక మూల నుంచి మొదలుపెట్టి రెండో మూలకు పోతే గుడ్డ గళ్లు వంకర తిరుగుతాయి. రెక్సిన్ సీటు అయితే అడుగు వైపు గాలి ఆడే గుడ్డ వేయడం మరవకూడదు. మనిషి కూర్చున్నప్పుడు లోపలి గాలికి దారి లేకపోతే అది కుట్టును చీల్చుకొని పోతుంది.

బ్యాక్ బయటి వైపు గుడ్డకు పైన ఒక్క పిన్ను కూడా కనబడదు. అది ఎలా సాధ్యమో నాకు మొదట అంతుపట్టలేదు. గుడ్డను తలకిందులుగా, మంచి వైపు ఫ్రేముకు ఆనేలా పెట్టి, పై అంచు వెంబడి అర అంగుళం వెడల్పున్న అట్ట పట్టీ ఆనించి, దాని మీదుగా పిన్నులు కొడతారు. తర్వాత గుడ్డను కిందికి తిప్పి వేస్తే అట్ట అంచు మీద గీత గీసినట్టు మడత నిలుస్తుంది, పిన్నులన్నీ లోపల ఉండిపోతాయి. రెండు పక్కలను వంపు సూదితో చేత్తో కుట్టాలి. సూది ఒకసారి గుడ్డ మడతలో, ఒకసారి పక్క ముక్కలో దూరుతూ పోతుంది, దారం లాగితే కుట్టు మాయమవుతుంది. చాచా కళ్లకు ఇప్పుడు ఆ సన్న పని కష్టం కనుక, దుకాణంలో వంపు సూది పని అంతా నాదే.

కూలి లెక్క మా వైపు సీటుకు ఇంత అని మాట్లాడుకుంటారు. సీటు రేటు వింటే కొనేవారికి సులువుగానే ఉంటుంది, కాని అందులో ఏ స్పంజి, ఎన్ని మీటర్ల గుడ్డ, నవారు కొత్తదా పాతదా అన్నవి ఎక్కడా ఉండవు, తర్వాత తగవులన్నీ అక్కడే పుడతాయి. టీచరమ్మ తన సోఫాకు ఏమేం పడుతుందో కాగితం మీద రాసివ్వమన్నారు, బడిలో సామాన్ల జాబితా అడిగినట్టు. మామ విసుక్కుంటూనే నా చేత రాయించాడు: స్పంజి డెన్సిటీ, మందం, ముక్కల బరువు, గుడ్డ మీటర్లు, మీటరు ధర, నవారు, పురికొస, కొబ్బరి పలక, వడ్రంగి కూలి విడిగా, మా కూలి విడిగా, అడ్వాన్సు సగం. సోఫా ఇంటికి చేర్చిన రోజు ఆమె ఆ కాగితం చేత్తో పట్టుకొని ఒక్కొక్కటీ సరిచూసుకున్నారు, మిగిలిన గుడ్డ ముక్కలను కూడా లెక్కపెట్టి తీసుకున్నారు, డబ్బు మాత్రం ఒక్క రూపాయి బేరమాడకుండా ఇచ్చారు. ఇప్పుడు దుకాణానికి వచ్చే ప్రతి సోఫాకు అలాంటి కాగితం నేనే రాస్తున్నాను. స్పంజి వచ్చిన రోజు వచ్చి కాటా మీద తూకం చూసుకోవచ్చని దాని కింద ఒక వరుస కలిపాను. వచ్చి చూసేవారు కొద్దిమందే.